పదిహేడో ఫ్యూజు

మూడు రోజులు కదలకుండా ఉంటే చాలు,
నాలుగో పొద్దున తాళం తిప్పితే
టక్కుమని ఒక్క చప్పుడు,
అన్నంలో రాయి తగిలినట్టు.
ఆ తరవాత ఏమీ ఉండదు.

మార్చిలో ఒక బ్యాటరీ మార్చాను. జూన్‌లో ఇంకొకటి.
అయనావరం మూడో వీధిలో
నా కారును తొయ్యని మనిషి లేడు:
పాలపాకెట్ల కుర్రాడు, ఇస్త్రీ బండి కన్నియప్పన్,
ఒకసారి పెళ్లికి పోతూ పట్టుపంచెల్లో ఇద్దరు.

ఆదివారం ఢిల్లీబాబు వచ్చాడు.
సంచిలోంచి రబ్బరు బ్యాండు చుట్టిన మీటరు తీశాడు.
ఇంజను నడిపించి చూశాడు, పద్నాలుగు పాయింట్ ఒకటి.
"పెట్టే చెయ్యి బాగానే పెడతా ఉండాది మేడం.
తినేవాడు ఎవుడో లోపలుండాడు."

నెగటివ్ వైరు విప్పి
వైరుకీ బ్యాటరీకీ నడుమ మీటరును కూచోబెట్టాడు,
చెక్‌పోస్టులో కానిస్టేబుల్‌లాగా.
డోర్ లాచ్‌లో స్క్రూడ్రైవర్ తోసి
తలుపు మూసేశారని కారును నమ్మించాడు.
"ఇంక దాన్ని నిద్రపోనియ్యాల. ఇరవై నిమిషాలు.
మనం మాట్లాడుకోవచ్చు. రిమోట్ మాత్రం నొక్కబాకండి."

మెట్ల మీద కూచున్నాం.
వాళ్ల తాత సూళ్లూరుపేట నించి
లోకో వర్క్స్‌లో పనికొచ్చాడట.
"తెలుగు మాట్లాడతా. చదవను రాదు," అన్నాడు,
బాకీ ఒప్పుకున్నట్టు.
నేను కీల్పాక్‌లో డయాలసిస్ టెక్నీషియన్ని.
అంకె నిలబడేదాకా కూచోవడం నాకు కొత్త కాదు.

రెండు ఆంపియర్ల నించి దిగి, దిగి,
మూడు వందల నలభై మిల్లీ దగ్గర ఆగింది.
యాభై దాటకూడదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈశ్వరుడి దగ్గర మీటరు లేదు.

అతను ఫ్యూజులు లాగుతున్నాడు, నేను అంకె అరుస్తున్నాను.
రేడియో. మూడు నలభై.
హారన్. మూడు నలభై.
పైలైటు. మూడు ముప్పై ఎనిమిది. ఆశ పడ్డాను,
అది కాదన్నాడు.
పదిహేడోది లాగాడు.
"ఇరవై రెండూ!"
తంబోలా గెలిచినదాన్లా అరిచాను,
మేడ మీద బట్టలారేస్తున్నావిడ తొంగిచూసింది.

డాష్‌బోర్డు కిందికి నడుందాకా దూరాడు.
కాళ్లు రెండూ వీధిలో.
తీసి నా అరచేతిలో పెట్టాడు,
అగ్గిపెట్టెంత నల్లడబ్బా,
అప్పుడే పెట్టిన గుడ్డంత వెచ్చగా.

"ఫైనాన్సోళ్లు పెడతారు. కిస్తీ ఆగితే
బండి యాడుందో తెలియాల గదా.
సిమ్ ఎప్పుడో కట్ అయింటాది. దీనికి తెల్దు.
రాత్రంతా టవర్ని ఎతుకుతాది, దొరకదు,
మళ్లా ఎతుకుతాది."

ఆర్సీ పుస్తకంలో నాకంటే ముందున్న పేరు
తిరుజ్ఞానం, కొరుక్కుపేట.
అతని సంతకం తప్ప నాకేం తెలియదు.
వెనకద్దం మీద, సగం గీకిన చేపపిల్ల స్టిక్కరు.
ఫోనులో వాళ్లతో వేలూరులో ఉన్నానని చెప్పి ఉంటాడు.
పక్కవీధిలో ఎవరింటి ముందో ఆపి
చీకట్లో నడిచి ఇంటికి పోయి ఉంటాడు.
కారు మాత్రం నిజం చెప్పి ఉంటుంది.

నా కిటికీ కింద కూడా అదే పని,
ఇక్కడున్నా, ఇక్కడున్నా,
వినే చెవి ఒక్కటీ లేకపోయినా.
తొమ్మిది వేల రూపాయల బ్యాటరీలు
ఈ ఒక్క మాటకే ఖర్చయ్యాయి.

వైరు కత్తిరించి, కొసలకు టేపు చుట్టి
నాలుగు వందలు అడిగాడు.
చిల్లర వెతికేలోపు
ఎడమచేతిలో డబ్బా చల్లబడింది.
"పారేసేదా?" అన్నాడు.
ఎందుకో వద్దన్నాను.

నాలుగో పొద్దున తాళం తిప్పాను.
ఒక్క తిప్పుకే.
కన్నియప్పన్ అప్పటికే
బొగ్గుచేతులు లుంగీకి తుడుచుకుని రెండడుగులు వేశాడు.
ఆగాడు.
పనిలేకుండా పోయిన చేతుల్ని ఒకసారి చూసుకుని
ఇస్త్రీపెట్టె దగ్గరికి వెనక్కి నడిచాడు.